డాక్టరును బూచివాణ్ణి చేయకండి

గత వారం సాయంత్రం బడీచౌడీలో కూరగాయలు కొనుక్కుని సుల్తాన్ బజార్ మీదుగా ఇంటికి వస్తున్నాను. ఒక గాజుల దుకాణం ముందు మూడేళ్ళ బాబు నేల మీద చతికిలబడి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడుక్కోవాలన్నది వాడి పట్టుదల. అదీ తానే తొడుక్కోవాలి, అమ్మ చేయి వేయకూడదు. తల్లి రెండు చేతులలోనూ సంచులున్నాయి. వెనుక ఆటో హారన్ మోగుతోంది. నలుగురూ చూస్తున్నారు. ఆమె దిక్కుతోచక అటూ ఇటూ చూసి, నన్ను గుర్తుపట్టి, "అగో, డాక్టర్ సారు వస్తున్నరు. ఏడ్చినవంటే సూది ఇస్తరు!" అన్నది.

ఏడుపు టక్కున ఆగిపోయింది. పిల్లవాడు తల్లి వెనుక నక్కి, చున్నీ అంచు పట్టుకుని, పామును చూసినట్టు నావంక చూశాడు. తల్లి కృతజ్ఞతగా నవ్వింది. నేనూ అలవాటు కొద్దీ నవ్వేసి ముందుకు కదిలాను.

ఆ నవ్వుకు సిగ్గుపడి ఈ వ్యాసం రాస్తున్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా ఈ కోఠి సందులలో వైద్యం చేశాను. ఆ కాలమంతా నాకు తెలియకుండానే మరొక ఉద్యోగం కూడా చేశానన్నమాట. అన్నం తినని పిల్లలకు, నిద్రపోని పిల్లలకు, గోడల మీద గీతలు గీసే పిల్లలకు నేను బూచివాణ్ణి. ఆ ఉద్యోగానికి ఈ రోజు రాజీనామా ఇస్తున్నాను. ఎందుకో దయచేసి చివరిదాకా చదవండి.

చాలా ఏళ్ళ నాటి మాట. నాలుగేళ్ళ పాపను జలుబని తీసుకువచ్చారు. మూడు రోజులుగా ముక్కు కారుతోంది. ఇంట్లో ఉన్న సిరప్ పట్టారు, ముక్కులో చుక్కలు వేశారు. తగ్గలేదు. పాప ముక్కు మీద చేయి వేయనివ్వడం లేదు. చూస్తే ఒక ముక్కు రంధ్రం నుంచే కారుతోంది. దుర్వాసన. నల్లటి మరకలు. రెండేళ్ళు దాటిన పిల్లలలో ఒకవైపు ముక్కు మాత్రమే దుర్వాసనతో కారుతూంటే, లోపల ఏదో వస్తువు ఇరుక్కుందనే అనుకోవాలి. ఇది వైద్య విద్యార్థులకు మొదట నేర్పే పాఠాలలో ఒకటి. వెంటనే చెవి, ముక్కు, గొంతు నిపుణుని దగ్గరకు పంపాను. బయటకు వచ్చింది ఆటబొమ్మలోని బొత్తాం బ్యాటరీ. చొక్కా గుండీ అంత బిళ్ళ.

అది మామూలు పూస అయితే తీసేసి ఇంటికి పంపేవారు. బ్యాటరీ అలా కాదు. తడిగా ఉన్న కణజాలానికి తగిలితే దాని నుంచి విద్యుత్తు ప్రవహిస్తుంది, అక్కడ ఘాటైన క్షారం పుట్టి కండను కాల్చివేస్తుంది. గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటలలోనే తీవ్రమైన గాయం కావచ్చు, ప్రాణాలే పోవచ్చు. ఈ పాపకు ప్రాణభయం తప్పింది. కాని ముక్కు మధ్య గోడకు రంధ్రం పడింది. అది మళ్ళీ పూడలేదు.

తరువాత ఒకనాడు ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "ముక్కులో పెట్టుకున్నానని అమ్మకు ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. "చెప్తే సూది ఇస్తరని నాయనమ్మ అన్నది" అన్నది పాప.

పాఠకులారా, ఆ నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. మనుమరాలి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. పాప ఎప్పుడు దేనిని నోట్లో పెట్టుకున్నా, ముక్కులో దూర్చుకున్నా, "డాక్టరుకు చెబుతా, పెద్ద సూది వేయిస్తా" అని బెదిరించింది. అలవాటు మానిపించాలనుకున్నది. అలవాటు మానలేదు. చెప్పడం మాత్రం మానేసింది. భయం చేసే పని ఎప్పుడూ ఇదే. అది పిల్లల చేత తప్పు మానిపించదు, తప్పును దాచడం నేర్పుతుంది.

నా వాదన అంతా ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. చిన్నపిల్లల చిత్రమైన అలవాట్లలో నూటికి తొంభై కాలం గడిస్తే వాటంతట అవే పోతాయి. కాని వాటిని మాన్పడానికి మనం వాడే భయం మాత్రం పోదు.

ఆ అలవాట్లను ఒక్కొక్కటిగా చూడండి. ఏడాది పిల్ల చెంచాను పదిసార్లు కిందపడేస్తుంది. మీరు పదిసార్లూ వంగి తీసి ఇస్తారు. మీకు నడుము నొప్పి, ఆమెకు భౌతికశాస్త్రం. పడేసింది ఎక్కడికి పోతుంది, ఎలా చప్పుడవుతుంది, అమ్మ ప్రతిసారీ తీసి ఇస్తుందా అన్నది ఆమె పరిశోధన. రెండేళ్ళవాడు ప్రతిదానికీ "వద్దు" అంటాడు. లడ్డూ పెట్టినా ముందు వద్దంటాడు, తరువాత తింటాడు. తాను వేరే మనిషినని కొత్తగా తెలుసుకున్నవాడు ఆ సంగతి ప్రకటించుకోవడానికి ఆ మాట కంటే దగ్గరి దారి లేదు. మూడేళ్ళ పిల్ల "ఎందుకు?" అని రోజుకు వందసార్లు అడుగుతుంది. చెప్పిన కథనే ముప్పయ్యోసారి చెప్పమంటుంది, అందులో ఒక్క మాట మార్చినా ఒప్పుకోదు. విసుగు పుట్టించే మాట నిజమే. కాని భాష వచ్చేది ఈ దారిలోనే.

ఇక నేల మీద పడి దొర్లడం. ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలలో ఇది రోగం కాదు, పొగరు కాదు. కోపాన్ని పుట్టించే మెదడు భాగాలు పుట్టుకతోనే చురుకుగా ఉంటాయి. దానికి పగ్గం వేసే ముందరి భాగం మాత్రం నెమ్మదిగా, యౌవనం దాటేదాకా పెరుగుతూనే ఉంటుంది. గుర్రం వచ్చేసింది, కళ్ళెం ఇంకా రాలేదు. ఆ సమయంలో పిల్లవాణ్ణి కొట్టడమంటే, లేని కళ్ళేన్ని లాగమని గదమాయించడమే.

మనం చేసే అన్యాయం మరొకటి ఉంది. అది బెదిరింపు కంటే ముందే మొదలవుతుంది. రెండున్నరేళ్ళవాడు ఎక్కడో విన్న ఒక బూతుమాటను ముద్దుముద్దుగా అంటాడు. ఇల్లంతా పగలబడి నవ్వుతుంది. "మళ్ళీ అను నాన్నా" అని ఫోన్ తీసి వీడియో పడతారు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడతారు. మామయ్యలు, పిన్నులు నవ్వుల బొమ్మలు పంపిస్తారు. వారం తరువాత ఇంటికి వచ్చిన అతిథి ముందు వాడు అదే మాట, అదే నవ్వును ఆశించి అంటాడు. వీపు మీద దెబ్బ పడుతుంది. వాడు ఏమి నేర్చుకున్నట్టు? మాట తప్పని కాదు. పెద్దవాళ్ళ న్యాయానికి నిలకడ లేదని, వాళ్ళ మొహం చూసి బతకాలని నేర్చుకున్నాడు. నవ్వదలచుకుంటే అవతలి గదిలోకి వెళ్ళి నవ్వండి. నేనూ అలా వెళ్ళినవాణ్ణే. పిల్లల చేష్టలకు నవ్వు రాకపోతే మనలో ఏదో ఎండిపోయినట్టే. కాని ఒకనాటి వినోదాన్ని మరునాటి నేరంగా మార్చకండి.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మీరు అంటారని తెలుసు. సామెత నిజమే. వంచమన్నది, విరవమనలేదు. మొక్కను వంచేవాడు దానికి మెత్తని తాడు కట్టి, రోజుకు కాస్త చొప్పున వంచుతాడు. చెంపదెబ్బ కొట్టి ఏ తోటమాలీ మొక్కను వంచలేదు.

దండానికి పది గుణాలున్నాయని చెప్పే సంస్కృత శ్లోకాన్ని కూడా నా ముందు చాలామంది తాతలు వల్లించారు. వారిలో ఎందరు ఆ పదీ లెక్కపెట్టారో నాకు అనుమానమే. లెక్కపెట్టి చూడండి. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీరు, అంధత్వం, చీకటి, ముసలితనం. కర్ర అవసరమయ్యే సందర్భాలు ఇవీ. ఈ జాబితాలో పిల్లలు లేరు. ముసలివాళ్ళున్నారు, అదీ ఊతకర్ర కోసం. మరొక పాత నీతిశ్లోకం పిల్లవాణ్ణి ఐదేళ్ళ వరకు లాలించమని, ఆ తరువాత పదేళ్ళు దండించమని, పదహారో ఏడు రాగానే స్నేహితుడిగా చూడమని చెబుతుంది. ఆ మధ్య పదేళ్ళ మాటతో నాకు పేచీ ఉంది. కాని ఐదేళ్ళ లోపు వాడిని కొట్టడానికి ఆ శ్లోకం కూడా అనుమతి ఇవ్వదు. మన తాతలు కర్ర పట్టుకోమన్నారని చెప్పేవారు తాతల మాటను పూర్తిగా వినలేదు.

"మేమూ దెబ్బలు తినే పెరిగాం, మాకేమైంది?" అన్నది నేను ఎక్కువగా విన్న మాట. అయ్యా, ఏమైందో మీరే చెప్పండి. మీ నాన్నగారికి చెప్పకుండా దాచిన విషయాలు ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకోండి. ఛాతీలో నొప్పి వచ్చినా రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుని, చివరి ఘడియలో ఆసుపత్రికి వచ్చిన మగవారిని నేను ఎందరినో చూశాను. రొమ్ములో గడ్డను ఏడాది పాటు కొంగు చాటున దాచుకున్న తల్లులను చూశాను. నొప్పిని దాచుకోవడం మనకు ఎక్కడి నుంచి వచ్చింది? నోరు మూసుకుంటే మంచి పిల్ల, చెబితే సూది అన్న పాఠం మూడేళ్ళప్పుడు విన్నదే. దాని ఫీజు యాభై ఏళ్ళకు చెల్లిస్తున్నాం.

ఇంతకంటే భయంకరమైన చెల్లింపు మరొకటి ఉంది. ఎవరైనా తమ ఒంటి మీద తప్పుగా చేయి వేసినప్పుడు పిల్లలు వెంటనే వచ్చి చెప్పగలగాలి. ఆ రక్షణ కోసం 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. బడులలో శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. కాని ఏ చట్టమైనా పిల్ల నోరు విప్పిన తరువాతే పనిచేస్తుంది. పాలు ఒలకబోసిన సంగతి చెప్పడానికే వణికే పిల్ల, అంతకంటే పెద్ద సంగతి చెబుతుందని ఎలా అనుకుంటారు?

బెదిరించని తల్లిదండ్రులు కొందరు మరో రెండు దారులు తొక్కుతున్నారు. అవి మెత్తగా కనిపిస్తాయి కాబట్టి వాటి గురించీ గట్టిగానే చెప్పాలి. మొదటిది ఫోన్. ఏడ్చిన ప్రతిసారీ తెర చేతిలో పెడితే ఏడుపు ఆగుతుంది, ఏడుపును తానే ఆపుకునే నేర్పు కూడా ఆగిపోతుంది. భారతీయ శిశువైద్యుల అకాడమీ 2021లో ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలే వద్దు, దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు మాట్లాడించే వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది.

రెండవది మందు సీసా. రైలు ప్రయాణంలో, పెళ్ళి ఇంట్లో పిల్లవాడు అల్లరి చేయకుండా పడుకుంటాడని జలుబు సిరప్ ఒక మూత పట్టేవారున్నారు. ఇది చాలా ప్రమాదం. అందులో మత్తు కలిగించే మందు ఉంటుంది, మోతాదు కాస్త ఎక్కువైతే పసిపిల్లల శ్వాస మందగించవచ్చు. దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని, ఐదేళ్ళ లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయదగినవి కావని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబరులో హెచ్చరించింది. అల్లరికి సిరప్ లేదు. ఉందని అమ్మేవాణ్ణి నమ్మకండి.

అలాగని అన్ని అలవాట్లనూ చూసీ చూడనట్టు వదిలేయమని అనడం లేదు. కొన్ని అలవాట్లు శరీరం రాసే ఉత్తరాలు. మట్టి, సుద్దముక్క, గోడ సున్నం తినే పిల్లను "మట్టిదానా" అని గేలిచేస్తారు, నాలుక మీద వాత పెడతామంటారు. చాలాసార్లు ఆ పిల్ల ఒంట్లో ఇనుము చాలకపోవడమే కారణం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలలో తెలంగాణలో నూటికి 70 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 మందికి రక్తహీనత ఉంది. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయే పిల్లలలోనూ రక్తహీనత తరచుగా కనిపిస్తుంది. వాతలతో రక్తం పట్టదు. పరీక్ష చేయించి, అవసరమైతే ఐరన్ మందు వాడితే చాలామందిలో ఈ రెండూ తగ్గుముఖం పడతాయి. మట్టి తినే పిల్లలకు నులిపురుగుల బాధ కూడా ఉండవచ్చు. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు అంగన్‌వాడీలలో, బడులలో ఏడాది నుంచి 19 ఏళ్ళ వరకు ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. తప్పక వేయించండి.

బొటనవేలు చీకడం చాలామంది పిల్లలు నాలుగేళ్ళ లోపు తామే మానేస్తారు. అంతవరకు వేపాకు ముద్ద, కారం రాసి హింసించవద్దు. ఆ తరువాత కూడా కొనసాగితే పళ్ళ వరస చెడుతుంది కనుక దంతవైద్యునికి చూపించండి. ఐదేళ్ళ లోపు పక్క తడపడం జబ్బు కాదు. పిల్లవాడు కావాలని చేసే పని అసలే కాదు. చుట్టాల ముందు ఆ మాట ఎత్తి పరువు తీయకండి. పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఏడాదిన్నరకు ఒక్క అర్థవంతమైన మాటా లేకపోవడం కనిపిస్తే "మొండి" అని సరిపెట్టుకోకుండా వినికిడినీ ఎదుగుదలనూ పరీక్ష చేయించండి. మన కోఠిలోనే ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. నాంపల్లి దాటితే రెడ్ హిల్స్‌లో పిల్లల కోసం నీలోఫర్ ఆసుపత్రి ఉంది. ముక్కులోనో చెవిలోనో ఏదైనా దూరితే పిన్నుతో, అగ్గిపుల్లతో గెలకవద్దు. అది ఇంకా లోపలికి పోతుంది. బ్యాటరీ అని అనుమానం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

"సరే డాక్టరుగారూ, నడిబజారులో వాడు నేల మీద పడి దొర్లితే ఏం చేయమంటారు?" ఇది న్యాయమైన ప్రశ్న. రెండు గదుల ఇంట్లో, ఉద్యోగం చేసి అలసిన తల్లికి ఉపన్యాసం చెప్పడం తేలిక. అందుకే ముందు చుట్టూ నిలబడి చూసేవాళ్ళకు చెబుతున్నాను. ఏడ్చే పిల్లవాణ్ణి కాదు, వాడి తల్లిని మీరు గుచ్చి గుచ్చి చూడడం వల్లే ఆమె చేయి లేస్తుంది. చూడడం మానండి, వీలైతే ఆమె చేతిలో సంచి పట్టుకోండి. తండ్రులకూ ఒక మాట. "పెంపకం" అనే మాటతో భార్యను నిందించే ముందు, ఈ వారం పిల్లకు మీరు ఎన్నిసార్లు అన్నం తినిపించారో చెప్పండి.

తల్లికి చెప్పగలిగింది ఇది. దెబ్బ తగలని చోటికి పిల్లవాణ్ణి తప్పించండి. పక్కనే కూర్చోండి. మాటలు తక్కువ, గొంతు మెల్లగా. "నీకు కోపం వచ్చింది, నాకు తెలుసు" అంటే చాలు. తుఫాను మధ్యలో నీతిబోధ పనికిరాదు. కాని ఏడ్చాడు కదా అని, ముందు కాదన్నదాన్ని కొని ఇవ్వవద్దు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగే నాంపల్లి నుమాయిష్‌కు తీసుకువెళ్ళేటప్పుడు, "ఒక్క బొమ్మ, ఒక్కసారి రైలు" అని గేటు బయటే చెప్పండి. లోపల ఆ మాట మీద నిలబడండి. సూది వేయించే రోజున "నొప్పి పుట్టదు" అని అబద్ధం చెప్పకండి, "కాస్త నొప్పి పుడుతుంది, నేను చేయి పట్టుకుంటాను" అనండి. తప్పు చేసి తానే వచ్చి చెప్పిన పిల్లను ఆ రోజు ఏమీ అనకండి. ఇది ఒక్కటి మీ ఇంటి నియమంగా పెట్టుకోండి.

పిల్లల మాట వినడం మనకు పరాయి విద్య కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా పిల్లల గొంతులను ఆకాశవాణిలో తెలుగు ఇళ్ళన్నింటికీ వినిపించారు. 1945లో వారు "బాల" పత్రిక ప్రారంభించారు. ఇక్కడికి కూతవేటు దూరంలో నారాయణగూడలో బాలానంద సంఘాన్ని నడిపారు. పిల్లలు వచ్చీరాని మాటలతో పాడితే, తడబడితే, మధ్యలో నవ్వితే అదే కార్యక్రమం. వారు పిల్లలకు తమను తాము అన్నయ్య, అక్కయ్య అని పరిచయం చేసుకున్నారు, బూచివాడని కాదు.

మొన్న ఆ గాజుల దుకాణం దగ్గర నేను చేయవలసింది ఏమిటో ఇంటికి వచ్చాక తెలిసింది. ఆ తల్లి చేతిలో సంచి అందుకుని, "నేను సూది ఇవ్వను బాబూ, నీ చెప్పు నువ్వే తొడుక్కో" అని చెప్పవలసింది. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుంటే ఏ ఆకాశమూ విరిగిపడదు. నాలుగడుగులు వేస్తే వాడికే తెలుస్తుంది.

ఈసారి కనిపిస్తే ఆ మాట చెబుతాను. మీరు కూడా మీ పిల్లలకు మా గురించి ఒక మాట చెప్పండి. నొప్పి వస్తే చెప్పుకోవడానికి వెళ్ళే మనిషి డాక్టరని. అంతకంటే ముందు చెప్పుకోవలసిన మనిషి అమ్మ అని, నాన్న అని.